ఎండవేళ ఒక కట్టడం, రాత్రివేళ ఇంకో కట్టడం: బెంగళూరు నుంచి థార్ ఎడారికి

సోమవారం, బెంగళూరు

పశ్చిమ రాజస్థాన్‌లో కట్టదలచిన ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రికి నమూనా ప్లాను గీసే పని బెంగళూరులోని మా ఆఫీసుకు వచ్చింది. కాగితం మీద గీత పడకముందే ఆ నేలనూ, ఆ ఎండనూ, అక్కడి పాత కట్టడాలనూ చూసి రావాలని ముగ్గురం బయలుదేరుతున్నాం. మాలో పెద్దాయన అనంతపురం జిల్లావారు, స్ట్రక్చరల్ ఇంజనీరు. రెండో ఆమె గుంటూరు నుంచి చదువుకోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆర్కిటెక్టు. మూడోవాణ్ణి నేను. విమానం రేపు ఉదయం కనుక, ఎడారిని చూడబోయే ముందు మన ఊరి గాలికి, ఎండకు చక్కగా అమరిన కట్టడం ఒకటి మరోసారి చూసుకుందామని ఈ మధ్యాహ్నం బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎం ఆవరణకు వెళ్ళాం.

ఆర్కిటెక్టులకు ఇచ్చే అత్యున్నత పురస్కారమైన ప్రిట్జ్‌కర్ బహుమతిని 2018లో అందుకున్న బాలకృష్ణ దోషి గీసిన ఆవరణ అది. ఫతేపూర్ సిక్రీ ప్రాంగణాలు దానికి ప్రేరణ. గోడలు ఇక్కడి బూడిదరంగు గ్రానైటు, నునుపు చేయని రాయి. తరగతి గదుల కంటే వాటి మధ్య నడవాలే ఆ ఆవరణకు ప్రాణం. కొన్నిచోట్ల అవి మూడంతస్తుల ఎత్తు లేస్తాయి. పైన ఒకచోట కప్పు ఉంటుంది, ఒకచోట కాంక్రీటు దూలాల పందిరి ఉంటుంది, ఒకచోట ఆకాశమే ఉంటుంది. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న బెంగళూరులో ఏడాదిలో ఎక్కువ రోజులు మనిషికి కావలసింది వానకు అడ్డం, మధ్యాహ్నానికి కాస్త నీడ, మిగతా వేళంతా గాలి. ఆ నడవా అంతవరకే చేస్తుంది, అంతకు మించి చేయబోదు. ఇదే పందిరిని జైసల్మేర్‌లో వేస్తే దూలాల సందుల్లోంచి దిగే ఎండ నేలను కాల్చి, ఆ నేల మనిషిని కాలుస్తుంది.

సూర్యుడి దారి కూడా రెండుచోట్లా ఒకటి కాదు. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ 24 ప్రాంతంలో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ తరువాత ఆగస్టు 18 వరకు ఉత్తరం వైపే ఉంటాడు. మన ఉత్తరపు గోడలకూ సజ్జ అవసరం పడేది అందుకే. జైసల్మేర్ దాదాపు 27 డిగ్రీల మీద, కర్కటరేఖకు పైన ఉంది. అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే ఉంటాడు. లెక్క వేసి చూసుకుంటే, దక్షిణపు కిటికీ మీద రెండడుగుల సజ్జ వేసినప్పుడు జూన్ మధ్యాహ్నం కిటికీ మొత్తానికి నీడ దొరుకుతుంది, డిసెంబరు మధ్యాహ్నం పై అడుగున్నర పైచిలుకుకు మాత్రమే నీడ పడి, కింది భాగంలోంచి చలికాలపు ఎండ గదిలోకి వస్తుంది. ఇంత చవకైన ఏర్పాటు ఇంకొకటి లేదు. తూర్పు పడమరలకు మాత్రం సజ్జ వల్ల ప్రయోజనం లేదు. వాలిన ఎండ దాని కింది నుంచే దూరుతుంది.

మంగళవారం, జోధ్‌పూర్

విమానం దిగగానే పొడిగాలి ముఖాన కొట్టింది. ఏప్రిల్ నడుమే వేడి నలభైకి చేరువవుతోంది. అయినా నీడలోకి అడుగు పెట్టగానే ఒళ్ళు తెరిపిన పడింది. గాలిలో తేమ లేనిచోట నీడకు ఉండే విలువ అది. చెన్నైలో ఇదే వేడికి నీడలో నిలబడినా చెమట ఆరదు.

ఉమేద్ భవన్ ప్యాలెస్‌లో జనానికి తెరిచి ఉంచిన మ్యూజియం భాగం చూశాం. కరువు రోజుల్లో జనానికి పని కల్పించడానికి 1929లో మొదలుపెట్టి 1943లో పూర్తిచేసిన కట్టడం అది. గీసినవాడు హెన్రీ వాన్ లాంచెస్టర్. పెద్దాయనకు నచ్చినది గుమ్మటం కాదు, రాళ్ళను ఒకదానిలో ఒకటి కొరికించి పేర్చిన తీరు. ఆ కొరికింపుల దగ్గరే ఆయన చాలాసేపు నిలబడిపోయారు. నాకు మాత్రం ఆ భవనంలో మా ఆసుపత్రికి పనికొచ్చేది పెద్దగా కనిపించలేదు. రాజు కట్టిన ఇంట్లో గాలికి, నీడకు కావలసినంత చోటు ఉంటుంది. ప్రభుత్వ కట్టడానికి చదరపు మీటరు లెక్క ఉంటుంది.

సాయంత్రం పాత ఊళ్ళోని తూర్‌జీ కా ఝాల్రా దగ్గరికి వెళ్ళాం. 1740ల్లో మహారాజా అభయ్ సింగ్ రాణి తవ్వించిన దిగుడుబావి. ఎన్నో ఏళ్ళు చెత్తతో పూడిపోయి ఉన్నదాన్ని ఈ మధ్య బాగుచేశారు. ఎర్ర ఇసుకరాయి మెట్లు నాలుగు వైపులా త్రికోణాలుగా దిగుతాయి. ఒక్కో వరుస దిగుతూ పోతుంటే ఒకచోట ఎండ అంచు తెగిపోయి, రాతి మీద పెట్టిన అరచేతికి వేడి తగలడం ఆగిపోతుంది. నీళ్ళు ఉండడం ఒక కారణం, లోతు ఇంకో కారణం. నాలుగైదు మీటర్ల లోతున నేల ఉష్ణోగ్రత ఎండాకాలానికీ చలికాలానికీ పెద్దగా మారదు, ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా నిలిచి ఉంటుంది. జైపూర్‌లో 2008లో కట్టిన పెర్ల్ అకాడమీ కళాశాలకు మోర్ఫోజెనిసిస్ సంస్థ ఆర్కిటెక్టులు ఈ దిగుడుబావినే ఆదర్శంగా పెట్టుకున్నారు. కట్టడాన్ని స్తంభాల మీద లేపి, దాని కింద నేలను దించి, అక్కడ నీళ్ళు నిలిపి, విద్యార్థులు కూర్చునే చోటుగా మలిచారు. పై అంతస్తులకు బయట, గోడకు నాలుగడుగుల దూరంలో, చిల్లుల జాలీ తెరను నిలబెట్టారు. ఎండ ఆ తెర మీద పడుతుంది కానీ గోడ మీద పడదు. ఈ నాలుగడుగుల సంగతి మా గుంటూరు ఆర్కిటెక్టు తన నోటుపుస్తకంలో రాసుకుని కింద గీత గీసుకుంది.

బుధవారం, రైల్లో

జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కు దాదాపు మూడు వందల కిలోమీటర్లు. పగటి రైలే ఎక్కాం. దారిలో వచ్చే ఫలోదీలోనే 2016 మే 19న 51 డిగ్రీల వేడి నమోదైంది. దేశంలో అంతకు ముందెప్పుడూ అంత వేడి నమోదు కాలేదు. స్టేషనులో రైలు ఆగితే టీ తాగాం. ప్లాట్‌ఫారం మీద పలుచని రేకు కప్పు కింద జనం నిలబడలేక, బయట ఒక చెట్టు కిందికి చేరారు. అది మన జమ్మి చెట్టే. ఇక్కడ ఖేజ్రీ అంటారు. రాజస్థాన్‌కూ తెలంగాణకూ కూడా అదే రాష్ట్ర వృక్షం. రేకు కింద ఉన్నది కూడా నీడే, కానీ ఆ నీడ పైనుంచి వేడిని కుమ్మరిస్తుంది. ఆకు తనలోని నీటిని ఆవిరిగా వదులుతూ తాను కాలకుండా నిలబడుతుంది. పశ్చిమాన్నుంచి వచ్చే వడగాలికి ఆసుపత్రి ఆవరణలో మూడు వరుసల జమ్మి పెంచాలని అక్కడికక్కడే అనుకున్నాం. అవి ఎదగడానికి పట్టే ఏళ్ళ గురించి పెద్దాయన గుర్తు చేశారు కానీ, మేం వినదలచుకోలేదు.

గురువారం, జైసల్మేర్

1156లో రావల్ జైసల్ కట్టించిన కోటలో ఇప్పటికీ జనం కాపురం ఉన్నారు. ఊరంతా ఒకే పసుపు రంగు ఇసుకరాయి. కోట సందుల్లో నడుస్తుంటే ఎండాకాలం పట్నాన్ని ఎలా కట్టాలో కాళ్ళకే తెలుస్తుంది. సందు ఇరుకు, ఇరువైపులా ఇళ్ళు ఎత్తు, పై అంతస్తుల ఝరోఖాలు, అంటే రాతి కిటికీ గూళ్ళు, సందు మీదికి ముందుకు వచ్చి ఉంటాయి కనుక మధ్యాహ్నం కాసేపు తప్ప నేలకు ఎండ తగలదు. పక్క ఇంటి గోడే మన గోడకు గొడుగు. ఒంటరిగా నిలబడిన ఇల్లు ఏదీ లేదు. ప్రభుత్వ కట్టడాల గురించి ఆలోచించినప్పుడు మమ్మల్ని తొలిచింది ఇదే. ఊరి బయట పదెకరాల నడుమ, ప్రహరీ గోడలోపల, నాలుగు దిక్కులా ఎండకు ఒళ్ళప్పగించి కట్టే కట్టడాన్ని చూసి హవేలీలా, అంటే ఇక్కడి పాత రాతి భవంతిలా, ఉందని మురిసిపోవడంలో అర్థం లేదు. హవేలీని కాపాడింది హవేలీ ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న సందు.

కోటకు నీటితో వచ్చిన చిక్కు కూడా ఉంది. వాననీటిని కొండ మీది నుంచి నాలుగు వైపులకూ జారవిడిచే పాత కాలువల ఏర్పాటును ఘూట్ నాలీ అంటారు. ఏడాదికి పదిహేను, ఇరవై సెంటీమీటర్లకు మించి వాన పడని చోటికి అది చాలు. కొళాయిలు వచ్చి, వాడకం పెరిగి, ఆ నీళ్ళు కొండ పొరల్లోకి ఇంకడం మొదలయ్యాక కోట పునాదులే కదిలాయి. ఎడారిలో కట్టే కట్టడానికి నీళ్ళు రావడం ఎంత ముఖ్యమో, వాడిన నీళ్ళు ఎటు పోతాయన్నదీ అంతే ముఖ్యమని పెద్దాయన ఆ గోడల బీటలు చూపిస్తూ అన్నారు.

మధ్యాహ్నం పట్వాల హవేలీలో గడిపాం. 1805లో మొదలైన ఐదు హవేలీల వరుస అది. సందర్శకుల గుంపు పలుచబడిన వేళ, సందు వైపు ఉన్న ఒక ఝరోఖా దగ్గర టేపు పెట్టి చూశాం. జాలీ రాతి పలక రెండంగుళాలు ఉంటుందేమో. దాని వెనక గోడ మాత్రం మూరెడు దాటింది. జాలీ చిల్లుకు బయటి అంచు వెడల్పుగా లేదు. లోపలి వైపు కాస్త చెక్కి, కూర్చున్న మనిషి చూపు కిందికి వాలేలా చేశారు. అరచేతిని ఆ చిల్లుకు అడ్డం పెడితే సందులో గాలి ఆడని వేళ కూడా సన్నగా గాలి తగిలింది. లోపలి చావడి పైకి తెరుచుకుని ఉంది కాబట్టి, అక్కడి వేడిగాలి పైకి లేస్తూ, నీడగా ఉన్న సందులోని గాలిని జాలీ గుండా లోపలికి లాగుతుంది. మన మండువా లోగిళ్ళలో జరిగేదీ ఇదే. కాకపోతే మండువా వాననీటిని కూడా ఇంటి నడుమకు ఆహ్వానిస్తుంది, ఇక్కడి చావడికి ఆ భాగ్యం తక్కువ.

ఈ యాత్రలో అసలు పాఠం రాత్రి వచ్చింది. మేం దిగినది ఊరి లోపల ఒక పాత రాతి ఇల్లు, కింది రెండు గదులు అద్దెకిస్తారు. మధ్యాహ్నం మూడింటికి ఆ గది ఎంత చల్లగా ఉందంటే, ఫ్యాను వేయకుండానే కునుకు పట్టింది. రాత్రి పదకొండింటికి బయట గాలి చల్లబడింది, కానీ గది గోడలు మాత్రం వెచ్చగా, పడుకోనివ్వకుండా ఉన్నాయి. అడుగు మందం రాతి గోడ గుండా బయటి వేడి లోపలికి చేరడానికి సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. రెండడుగుల గోడ అయితే పదిహేను గంటల దాకా. అంటే మధ్యాహ్నం రెండు గంటల ఎండ, గోడ మందాన్ని బట్టి, రాత్రి పదికో తెల్లవారుజాముకో గదిలోకి దిగుతుంది. పగలు గోడ ఎండను అప్పు తీసుకుని మనల్ని కాపాడుతుంది, రాత్రి వడ్డీతో సహా గదికి చెల్లిస్తుంది. ఇంటివారిని అడిగితే, వేసవిలో తామెవరూ రాత్రి కింద పడుకోమని, మంచాలన్నీ డాబా మీదేనని చెప్పారు. పెద్దాయన నవ్వి, తమ ఊళ్ళో కూడా అంతేనన్నారు. దూలాలు, దంతెలు వేసి, పైన మందంగా చవుడు మట్టి పరిచిన మిద్దె పగలు హాయిగా ఉంటుంది, రాత్రయితే చిన్నా పెద్దా మిద్దె మీదికి చేరవలసిందే.

"బాగానే ఉంది సార్, కానీ పురిటి మంచం మీద ఉన్న ఆడమనిషిని మిద్దె ఎక్కి పడుకోమని చెప్పగలమా?" అంది గుంటూరు ఆర్కిటెక్టు.

ఆ ప్రశ్నకు మాలో ఎవరి దగ్గరా సమాధానం లేకపోయింది. పాత ఇల్లు చల్లగా ఉండడానికి సగం కారణం గోడ, సగం కారణం ఆ ఇంట్లో మనిషి వేళను బట్టి చోటు మారడం. పొద్దున చావడి, మధ్యాహ్నం లోపలి గది, సాయంత్రం ఝరోఖా, రాత్రి డాబా. ప్రభుత్వ కట్టడంలో మనిషికి ఆ వీలు లేదు. గుమాస్తా కుర్చీ కదలదు, రోగి మంచం కదలదు. కనుక హవేలీ గోడను తెచ్చి అక్కడ పెట్టే ముందు ఆ గది ఏ వేళ జనంతో నిండుతుందో అడగాలి.

శుక్రవారం, కుల్‌ధరా, కనోయి

పొద్దున్నే జైసల్మేర్‌కు పడమటి వైపున ఉన్న కుల్‌ధరా చూశాం. పాలివాల్ బ్రాహ్మణులు విడిచి వెళ్ళిన ఊరు. దయ్యాల కథలు చెప్పడానికి గైడ్లు కాచుకుని ఉన్నారు, మాకు కావలసింది వాళ్ళ ఖడీన్ల సంగతి. రాతి నేల మీద పడిన వాన వాలు వెంట జారిపోకుండా పల్లపు అంచున పొడవైన మట్టికట్ట వేసి ఆపుతారు, నీరు ఇంకిన ఆ నేలలో చలికాలంలో గోధుమ, శనగ పండిస్తారు. ఇంత తక్కువ వానలో నీటిపారుదల లేకుండా గోధుమ పండించిన తెలివి అది. ఆసుపత్రి స్థలంలో ముందు కొలవవలసింది వాలు అని, కట్టడాన్ని ఎత్తు మీద పెట్టి పల్లాన్ని చెట్లకు వదలాలని అక్కడ తేలింది.

అక్కడి నుంచి సమ్ ఇసుకదిబ్బల దారిలో ఉన్న కనోయి గ్రామానికి వెళ్ళాం. అక్కడ రాజకుమారి రత్నావతి బాలికల పాఠశాల ఉంది. న్యూయార్క్ ఆర్కిటెక్టు డయానా కెలాగ్ గీయగా, స్థానిక శిల్పులు చేత్తో చెక్కిన జైసల్మేర్ రాతితో కట్టి 2021లో తెరిచారు. ఏసీలు లేవు. నాలుగు వందల మంది ఆడపిల్లలకు ఉద్దేశించిన ఆ కట్టడం పైనుంచి చూస్తే కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. నడుమ విశాలమైన ప్రాంగణం, దాని కింద వాననీటి నిల్వ. చుట్టూ గదులు, లోపలి గోడలకు సున్నపు గచ్చు, వేడిగాలి పోవడానికి ఎత్తున కిటికీలు. డాబా అంచున పిట్టగోడ స్థానంలో మనిషి ఎత్తు దాటిన జాలీ గోడ నిలబడి ఉంది. పైన సౌర ఫలకాలను ఇనుప చట్రాల మీద పందిరిలా లేపారు. ఆ చట్రాలకే ఉయ్యాలలు, ఊగుబల్లలు వేలాడుతున్నాయి. ఫలకాల కింద డాబాకు నీడ, ఆ నీడలో పిల్లలకు ఆట. ఒకే ఖర్చుతో కరెంటు, రెండో కప్పు, ఆటస్థలం వచ్చాయి. ఈ మధ్య నేను చూసిన ప్రజా కట్టడాల్లో ఇంత పొదుపైన ఆలోచన ఇంకొకటి లేదు.

గుండ్రని గోడ ఎందుకని ముందు సందేహించాను. ఆరుబయట, చుట్టూ ఏ ఇల్లూ లేనిచోట నిలబడిన కట్టడం అది. సందు నీడ దానికి లేదు. ఆ లోటును తనలోకే ముడుచుకుని తీర్చుకున్నట్టుంది. ప్రాంగణానికి ఎదురెదురు గోడలే ఒకదానికొకటి నీడ ఇస్తాయి, ఇసుకను మోసుకొచ్చే గాలి మూలకు కొట్టుకోకుండా పక్కకు జారిపోతుంది. ముఖ్యంగా ఆ మందపాటి రాతి గోడ తాను మింగిన ఎండను లోపలికి వదిలేసరికి బడి వదిలేసి ఉంటారు. రాత్రి ఖాళీ గదులు వెచ్చబడితే ఎవరికీ బాధ లేదు. పగటి కట్టడానికి రాతి గోడ ఎంత సరిపోతుందో అక్కడ కనిపించింది. ఆ గోడనే వార్డుకు పెట్టకూడదని కూడా అక్కడే నిశ్చయమైంది.

శనివారం, తిరుగుదారి

జైసల్మేర్ కొత్త పేటలో రెండు మూడు ఆఫీసులు బయటి నుంచి చూశాం. కాంక్రీటు స్తంభాలు, సన్నని ఇటుక గోడ, దాని మీద అంగుళం మందం పసుపు రాతి పలకలు. రంగు కలుస్తుంది, రాయి పని మాత్రం జరగదు. ప్రతి కిటికీ కిందా ఏసీ పెట్టె వేలాడుతోంది. రాత్రి బండికి జోధ్‌పూర్.

సోమవారం, బెంగళూరు

ఆఫీసులో పొద్దుటి నుంచి ట్రేసింగు కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. ఆసుపత్రిని వేళను బట్టి రెండుగా విడదీశాం. ఓపీ, మందుల గది, పరీక్షల గది, ఆఫీసు పగలు మాత్రమే నడుస్తాయి కనుక వాటికి రెండడుగుల స్థానిక రాతి గోడలు. వార్డులు రాత్రి నిండుతాయి కనుక వాటి గోడకు ఎండ తగలనే కూడదు. తూర్పు పడమరలుగా పొడవు సాగదీసి, దక్షిణాన రెండడుగుల సజ్జ, దాని బయట నాలుగడుగుల దూరంలో జాలీ తెర వేశాం. ఆ సందులో మనిషి నడిచి ఇసుక ఊడ్చగలగాలి, లేకపోతే మొదటి ఇసుక తుఫాను తరువాత జాలీ చిల్లులు మూసుకుపోతాయి. స్లాబు మీద మట్టి కుండలు బోర్లించి, సందుల్లో సున్నం నింపి, పైన తెల్లగచ్చు. దాని పైన కనోయి బడిలో చూసినట్టు సౌర ఫలకాల పందిరి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చిన దగ్గర్నుంచి తెల్లగచ్చు గురించి అధికారులకు నచ్చజెప్పడం కొంత సులువైంది. వార్డుకు ఉత్తరాన పన్నెండు అడుగుల వసారా ఇచ్చాం. వేసవి రాత్రుల్లో చక్రాల మంచాలను బయటికి తోసుకురావచ్చు. రోగుల వెంట వచ్చినవాళ్ళకు ఓపీ డాబా మీద పడుకునే చోటు, ఎక్కడానికి వాలుబాట. ఆపరేషన్ గదికి ఏసీ తప్పదు, అందులో వాదన లేదు. దాన్ని కట్టడం నడిబొడ్డున, ఏ గోడా బయటికి లేకుండా పెట్టాం.

నీటి లెక్క పెద్దాయన వేశారు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి 180 మిల్లీమీటర్లు, అందులో ఐదో వంతు తరుగు పోగా లక్షా నలభై వేల లీటర్ల పైచిలుకు. ఆసుపత్రి వాడకానికి అది చాలదు, ఇందిరా గాంధీ కాలువ నీళ్ళు రావలసిందే. కానీ ప్రాంగణం కింద తొట్టి కట్టి దాచుకుంటే, కాలువ నీళ్ళు రాని రోజులకు ఆధారం ఉంటుంది. చేతులు కడిగిన నీళ్ళు జమ్మి వరుసలకు పోతాయి.

చిక్కు సాయంత్రం వచ్చింది. ఖర్చుల లెక్క చూసే మిత్రుడు రెండడుగుల గోడలను చూసి, ప్రభుత్వం డబ్బిచ్చేది కట్టిన వైశాల్యాన్ని బట్టి కదా, ఇందులో ఆరో వంతు గోడలే తినేస్తే పడకలెక్కడ వేస్తారని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. పన్నెండు అడుగుల వసారాను కూడా ఆ లెక్కలో సగమే కలుపుతారట. ఓపీ గోడలను అడుగున్నరకు తగ్గించుకుంటే వేడి పదకొండు, పన్నెండు గంటల ఆలస్యంతో, అంటే అర్ధరాత్రి దాటాక, లోపలికి చేరుతుంది. ఓపీ తలుపులు మూసేది మధ్యాహ్నమే కాబట్టి దానివల్ల నష్టం లేదు. మిగిలిన ఆరంగుళాల చోటును వసారాకు మళ్ళించాం. జాలీ తెరను తీసేయమన్న మాటకు మాత్రం ఒప్పుకోలేదు. దాన్ని రాతితో కాకుండా అక్కడి ఇటుకతో కడితే ఎంత తగ్గుతుందో రేపు లెక్క తీసి, ప్లానుతో పాటు పంపుతాం.